ముల్లు వణికిన దిక్కు

ఏ వస్తువు కనబడినా దాని వెనక్కి వెళ్ళి చూడడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. చిత్తూరులో మా నాయన అంగట్లోకి కొత్త కాటా వస్తే, లోపల ఏముందోనని మరలు విప్పి వీపు విమానం మోత మోగించుకున్నాను. ఎలక్ట్రానిక్స్ చదివి, తొంభైల చివర్లో రేణిగుంట విమానాశ్రయంలో ఉద్యోగానికి చేరాక అసలు మోత రోజూ వినబడేది. అయినా నా మోజు విమానాల మీద కాదు, వాటికి నేల మీద నుంచి దారి చెప్పే పరికరాల మీద.

దేశమంతటా విమానాలకు దారి చెప్పడం, ఒకదానికొకటి అడ్డు రాకుండా నడిపించడం మా సంస్థ పని. నేను చేరేనాటికి రేణిగుంటలో ఆ పని సగం రేడియోతో, సగం ఓపికతో నడుస్తోంది. మద్రాసుతో మాట్లాడాలంటే గరగరల మధ్య గొంతు చించుకోవాలి. మబ్బులో ఉన్న పైలట్‌కు మేమెటున్నామో చెప్పడానికి ఒక పాత రేడియో స్తంభం ఉండేది. దాని సంకేతం అందుకుని విమానంలోని ముల్లు మా వైపు తిరగాలి. ఉరుములొచ్చాయంటే మాత్రం ఆ ముల్లు మమ్మల్ని వదిలేసి ఉరుము వైపు తిరిగేది. వాన రోజుల్లోనే దారి బాగా కావాలి, వాన రోజుల్లోనే అది మొండికేసేది. పక్కనే అంతేసి కొండలు పెట్టుకుని ఇదేం సంసారమని నాకు భయంగా ఉండేది.

అప్పుడు దేశమంతా పాతవి తీసి కొత్తవి పెడుతున్నారు. మాకూ ఒకటి వచ్చింది. పొలాల మధ్య గుండ్రటి ఇనుప వేదిక కట్టి, దాని అంచు చుట్టూ తెల్లటి డబ్బాలు బిగించాం. చూడడానికి కుండలు బోర్లించినట్టు ఉండేది. ఊళ్ళోవాళ్ళు దాన్ని కుండల మిద్దె అనేవాళ్ళు. అది ఉరుములకు బెదరదు, దిక్కు కచ్చితంగా చెబుతుంది. పరికరాల పెట్టెలు వానకు తడవకుండా పక్కనే ఒక రేకుల కొట్టం వేసుకున్నాం. నాలుగు నెలలు మా ఇల్లూ వాకిలీ అదే.

అన్నీ బిగించాక పరీక్ష విమానం వచ్చింది. ఒళ్ళంతా మీటర్లతో నిండిన ఆ చిన్న విమానం ఊరూరా తిరిగి, నేల మీది పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో చూస్తుంది. అది సరేనంటేనే మా కొత్త కేంద్రం వాడకంలోకి వస్తుంది. మాకిచ్చింది రెండు రోజులు. తప్పితే మళ్ళీ వంతు ఎన్ని నెలలకో. ఈలోగా ఈశాన్య రుతుపవనాలొస్తాయి, ఉరుములొస్తాయి, పాత స్తంభమే గతి.

మొదటి రోజు విమానం మా చుట్టూ గిరికీలు కొట్టింది. మేం రేకుల కొట్టంలో వైర్‌లెస్ పెట్టుకుని కూర్చున్నాం. అన్ని వైపులా బాగుంది, తూర్పు వైపు మాత్రం ముల్లు వణుకుతోందన్నారు విమానంలోవాళ్ళు. ఆ దిక్కున ఏదో ఇనుము ఉంది, చూడండి అన్నారు. నా దగ్గర పట్టిక సిద్ధంగా ఉంది. చుట్టుపక్కల ఎవరెవరి ఇనుము ఎక్కడుందో నేనే తిరిగి రాసుకున్నాను. తూర్పున ఒక రైతు శెనక్కాయ చేను. చుట్టూ రాతి కూసాలు, వాటికి నాలుగు వరసల కొత్త ముళ్ళ తీగ. దొంగ దొరికాడని నాకు ఎంత సంబరమో.

సాయంత్రం చేలోకి వెళ్ళాను. ఆ రైతు యాభై ఏళ్ళ మనిషి. తీగ విప్పాలనగానే పార దించి నిలబడ్డాడు.

"పైన పొయ్యేవోడికి నా కంచెతో ఏం పనమ్మా?"

"కొండ ముందర నిలబడి కేకేస్తే ఏమైతుందన్నా?"

"కొండా కేకేస్తాది."

"అట్లనే మా సంకేతం నీ తీగకు తగిలి మళ్ళా పలుకుతా ఉంది. పైనున్నోళ్ళకు రెండు కేకలు వినబడి, ఏది నిజమో తెలీడం లేదు."

అతనికి అది ఇట్టే పట్టుబడింది. నాకు ముచ్చటేసింది, ఇంజనీరింగు కాలేజీలో నాకు అర్థం కావడానికి వారం పట్టింది. కాసేపు చుట్టూ కలయజూశాడు.

"ఇంకో పది దినాలుంటే కాయ పీకేస్తానమ్మా. పందులు కొండ దిగి వస్తా ఉండాయి. పోయినేడు సగం సేను దున్ని పెట్టినాయి. ఈ తీగ అందుకే ఏసింది."

"ఒక్క రాత్రికే అన్నా. రేపు మధ్యాహ్నానికి మళ్ళా కట్టించే పూచీ నాది."

"ఒక రాత్రి సాలదా అమ్మణ్ణీ వాటికి?" అంది గట్టు మీదున్న అతని భార్య.

నేను వాన గురించి, విమానాల్లో వచ్చే జనం గురించి చెప్పాను. బాగానే చెప్పాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చివరికి అతను తీగ విప్పాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు పోగుచేసి, కూసం నుంచి కూసానికి కట్టింది. చీరల్ని చూసి పందులు మనుషులనుకుంటాయట. నేనూ నా గదికి పోయి రెండు చీరలు తెచ్చిచ్చాను. ఎర్రవీ పచ్చవీ కలిసి చేను తిరణాలలా ఉంది.

పొద్దున వెళ్ళేసరికి అతను మడిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేను పక్కనున్న కాలవ వైపు చీరలు బురదలో పడి ఉన్నాయి. చేనులో మూడో వంతు నేల గుల్లగుల్లగా తవ్వి ఉంది. కాయల డొల్లలు ఎక్కడ చూసినా. "వచ్చినాయమ్మా" అన్నాడు, అంతే. పోనీ మా పనైనా అవుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

విమానం లేచింది. తూర్పు వైపు ముల్లు నిన్న ఎంత వణికిందో ఇవాళా అంతే వణికింది. వెంట్రుకవాసి తేడా లేదు.

కొట్టంలోకి వచ్చి పట్టిక మళ్ళీ మొదటి నుంచి చదివాను. కంచె, బోరు గొట్టాలు, ఒకరింటి ఇనుప గేటు. ఎండ ఎక్కుతోంది. గాలికి నెత్తి మీద రేకులు టపటపలాడాయి. తలెత్తి చూశాను. చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికానని అప్పుడు తెలిసింది. కేంద్రానికి కూతవేటు దూరంలో, సరిగ్గా తూర్పున, అంత పెద్ద రేకుల గోడ. పట్టికలో అది లేదు. పట్టిక రాసింది నేను. ఊళ్ళోవాళ్ళ ఇనుమే నాకు ఇనుముగా కనబడింది.

గంటలో కొట్టం పీకేశాం. మా అధికారి కూడా చొక్కా చేతులు మడిచి రేకులు మోశాడు. వెళ్ళే ముందు విమానం ఇంకొక్క చుట్టు తిరిగింది. ముల్లు కదల్లేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో లడ్డూలు తెచ్చారు. ఉరుముల్లో కూడా నిజం చెప్పే దారి మాకు దొరికింది. సంతోషం లేదంటే అబద్ధమే. కానీ నా లడ్డూ కాగితంలో చుట్టి పక్కన పెట్టాను.

"కంచె విప్పితేనే కుదిరిందని ఆ రైతు అనుకుంటాడు, అనుకోనీ. చెప్పి నువ్వు సాధించేదేముంది?" అన్నాడు మా అధికారి. చెడ్డవాడు కాదు, నన్ను కాపాడాలనే అన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరు కూలీలతో చేలోకి వెళ్ళాను. నా మాట ప్రకారం తీగ కట్టాలి. కూలీలు అటు నుంచి, అతను ఇటు నుంచి మొదలుపెట్టారు. తీగ కొస నా చేతికిచ్చి లాగి పట్టుకోమన్నాడు. ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. మూడు కూసాలు దాటాక చెప్పాను.

"నీ కంచెలో తప్పేమీ లేదన్నా. పలికింది మా రేకుల కొట్టం. నేను సరిగా చూడలేదు. నీ చేను ఉత్తపుణ్యానికి పోయింది."

అతను పటకారుతో తీగ మెలిపెడుతూనే ఉన్నాడు.

"నిన్న నువ్వు కొండ కేక సంగతి సెప్పినప్పుడే అనుకున్నానమ్మా. తీగ పలికితే రేకు పలకదా అని."

"మరి అడగలేదేమన్నా?"

"మీ కొట్టం గదా. సదువుకున్నోళ్ళు, మీ ఇనుము మీరు సూసుకోకుండా ఉంటారా అనుకున్నా."

నా చేతుల్లో తీగ సడలింది.

"వదలొద్దమ్మా, బిర్రుగా పట్టుకో," అంటూ అతను తర్వాతి కూసం దగ్గరికి నడిచాడు.