గద్దెనెక్కిన నిద్రగన్నేరు

మా చిన్నప్పుడు... నాచారంలో మా గల్లీ మూల మీద పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని కిందే మా నాయిన ఇస్త్రీ బండి. ఒకపక్క మల్లాపూర్ ఫ్యాక్టరీల దుమ్ము, పైన నిప్పులు చెరిగే ఎండ, చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె... అయినా నాయిన పొద్దంతా నిలబడగలిగాడంటే ఆ నీడ చలవే.

సాయంత్రం కాగానే ఆ చెట్టు ఆకులు ముడుచుకునేవి. మా ఇంటికి గడియారం అదే. "చెట్టు పండుకుంది బిడ్డా, ఇగ బంద్" అంటూ నాయిన బొగ్గుల మీద నీళ్లు చల్లేవాడు. అమ్మ అప్పుడు బియ్యం కడిగేది.

తెలంగాణ రాష్ట్రం రాకముందు సంగతి... గల్లీలో సీసీ రోడ్డు పడింది. ఆ ఊపులో కాలనీ పెద్దలు, నలుగురు కూర్చోవడానికి చెట్టు చుట్టూ గద్దె కట్టిద్దామన్నారు. అందరికంటే సంబరపడింది నాయినే. మేస్త్రీకి చాయ్ తెప్పించాడు, ఇటుకలు తనే అందించాడు. పునాది కోసం చుట్టూ తవ్వితే తొడంత లావు వేర్లు అడ్డమొచ్చాయి. గొడ్డలితో నరికేశారు. ఆ వేర్లతోనే అమ్మ మాకు స్నానాలకు నీళ్లు కాచింది. కాండం దాకా సిమెంటు పోసి, పైన నున్నటి బండలు పరిచారు.

"మన చెట్టు గద్దెనెక్కింది" అని వచ్చిన గిరాకీకల్లా చెప్పుకున్నాడు నాయిన. ఒక్కరికీ అనుమానం రాలేదండీ... అందరం ప్రేమతోనే చేశాం మరి.

తర్వాత కరెంటోళ్లు వచ్చి తీగల వైపు కొమ్మలన్నీ కొట్టేసి పోయారు. బరువంతా బండి వైపే మిగిలింది.

కొన్నాళ్లకు ఒక ఎండాకాలం, మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. పొద్దు గూకకముందే ఆకులు ముడుచుకున్నాయి. నేను గద్దె మీద పచ్చీసు ఆడుతున్నాను. అమ్మ వచ్చి, చెట్టు పండుకుంది, ఇక ఇంటికి పోదామంది. ఎదురింటివాళ్ల పెళ్లి బట్టలు ఇంకా బండి మీదే ఉన్నాయి.

"నువ్వు పిల్లను తీస్కపో. పట్టుచీరెలు తడిస్తే మాటొస్తది... కవరు కప్పి వస్త" అన్నాడు నాయిన.

మేం గడప తొక్కేలోపే గాలిదుమారం లేచింది. ఆ వెనకే పెద్ద చప్పుడు. కొమ్మ విరగలేదు... చెట్టే గద్దెను పెకలించుకుని బండి మీద పడింది. కూకటివేళ్లతో కూలింది అందామంటే అక్కడ వేర్లేవీ? నరికిన మొండేలే. నాయినను బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

బండి కింది అరలో ఆయన దాచిన పట్టుచీరలు మాత్రం తడవలేదు. మాట రానివ్వలేదు మా నాయిన.

ఇప్పుడు ఉప్పల్లో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్ ముందు ఒక కానుగ చెట్టు ఏపుగా పెరుగుతోంది. మొన్న మీటింగులో దాని చుట్టూ టైల్స్ వేసి గద్దె కడదామన్నారు, పెద్దవాళ్లు కూర్చోవడానికి. అందరూ బాగుందన్నారు. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పని అమ్మ వెనక నుంచి లేచి నిలబడింది.

"గద్దె వద్దయ్యా... జర మన్ను ఇడ్సిపెట్టుండ్రి."

నాచారంలో ఆ గల్లీ మూలన ఇప్పుడు నీడ లేదు... ఆకులు ముడుచుకుంటే ఇంటికొచ్చే మనిషీ లేడు. మీ గల్లీ చెట్టు కింద ఎవరు కూర్చునేవాళ్లు? చెప్పండి... చెప్పేముందు ఒకసారి వెళ్లి చూడండి, దాని మొదట్లో మన్ను ఇంకా కనిపిస్తోందా?