బతికున్నవాళ్ల వరుసలో ఒక ఆకు

నేను కుప్పంలో హైస్కూలు సైన్సు టీచర్ని. స్టాఫ్‌రూములో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే, ముందు ఆ రోజు ఏం తిన్నారో చెప్పండి అని అడిగే రకాన్ని. అట్లాంటిదాన్ని నేను ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మా పుట్టిల్లు పెద్దపంజాణి మండలంలో ఒక పల్లె. గొర్రెలు, కాస్త రాగి చేను. మా నాయన ముత్తాతకు తండ్రి గంగులప్ప. తెల్లదొరల కాలంలో కరువొచ్చినప్పుడు, ఆకలికి తట్టుకోలేక కొందరు ఒక గింజల కొట్టు పగలగొట్టారట. వాళ్లలో ఆయనొకడు. ద్వీపాంతర శిక్ష వేసి, మద్రాసులో ఓడ ఎక్కించి, అండమాన్ పంపేశారు.

ఆ దీవుల్లో దొరలు ఊళ్లు కట్టిందే ఖైదీలతో. వాళ్లతోనే అడవి కొట్టించారు, రోడ్లు వేయించారు, ఆఖరికి వాళ్లుండే జైళ్లూ వాళ్లతోనే కట్టించారు. ఏళ్ల తరబడి బుద్ధిగా ఉన్నవాళ్లకు కాస్త నేలిచ్చి, పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపొమ్మన్నారు. గంగులప్ప తాత అక్కడ చచ్చిపోయాడో, ఇంకో సంసారం పెట్టుకున్నాడో మాకు తెలియదు. ఏ కబురూ రాలేదు.

కబురు రాలేదు కాబట్టి ఆయన భార్య తాళి తీయలేదు. ముత్తైదువగానే పోయిందట. మా ఇంట్లో ఉన్న పద్ధతి ఆమె పెట్టిపోయిందే. మహాలయ అమావాస్యకు మేము పోయినవాళ్ల పేరున కొత్త బట్టలు పెట్టి, వాటి ముందర ఆకులేసి వడ్డిస్తాం. ఆ వరుసలో గంగులప్ప తాతకు బట్టలుండవు. ఇంట్లోవాళ్లం భోజనానికి కూర్చునే వరుసలో, మా నాయన పక్కన, ఆయనకొక ఆకు వేస్తాం. అంటే ఆయన ఇంకా ఇంటికి రావాల్సిన మనిషన్నమాట. నాయన ఆ ఆకు వైపు తిరిగి "తిను తాతా" అనేవాడు. ఆ తర్వాతే తాను ముద్ద ముట్టేవాడు.

కొన్నేళ్ల కిందట నాయనకు మతిమరుపు జబ్బు మొదలైంది. దానికి తోడు షుగరు. ఒంటరిగా బయటికి పంపొద్దని పుంగనూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. మా తమ్ముడు రెడ్డెప్ప మదనపల్లెలో టమోటా వ్యాపారం చేస్తాడు. చచ్చినవాణ్ని బతికున్నవాళ్లలో కూర్చోబెట్టినందుకే నాయనకు ఇట్లా అయిందని వాడికెవరో ఎక్కించారు. నాయన మీద ప్రేమతోనే వాడు ఆ ఏడు అమావాస్యకు గంగులప్ప తాతకు పంచె కొనుక్కొచ్చాడు. నేనూ సరేనన్నాను. ఏ మనిషీ అన్నేళ్లు బతకడు కదా.

పండగ పొద్దున ఆ పంచెను పోయినవాళ్ల వరుసలో పెట్టడం నాయన చూశాడు.

"అది ఎవురికిరా?"

"గంగులప్ప తాతకు నాయనా."

"ఆయప్ప సచ్చినాడని నీకెవురు సెప్పిరి?"

నాయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో వడలు వేసి బయటికొచ్చేసరికి అరుగు ఖాళీ. చెప్పులు మాత్రం గడప దగ్గరే ఉన్నాయి.

ముందు పెద్దగా భయపడలేదు. ఊరంతా తిరిగి ఎక్కడా లేడని తెలిశాక భయమేసింది. ఎండ మండిపోతోంది. నాయన మాత్ర వేసుకోలేదు, పొద్దుటినుంచి కడుపులో ఏమీ లేదు. రోడ్డెక్కితే లారీలు. రెడ్డెప్ప బండేసుకుని పుంగనూరు బస్టాండుదాకా పోయి ఉత్త చేతులతో వచ్చాడు. నేను చేలల్లో పడి బావి బావికీ తొంగి చూస్తున్నాను. ఒక బావిలో ఏమీ లేదని తెలియగానే ప్రాణం లేచొచ్చేది. ఇంకో బావి గుర్తొచ్చి మళ్లీ పోయేది.

"అక్కా, నేనే నాయన్ని తరిమేస్తి" అని అంత మగాడూ చేనిగట్టు మీద కూలబడి ఏడ్చాడు. వాణ్ని ఓదార్చే ఓపిక కూడా నాకు లేదు.

పొద్దు వాలుతుండగా మేకలు తోలుకుని మా ఊరి మునెమ్మ ఎదురొచ్చింది.

"యాల ఇట్ల తిరగతాండావమ్మా? మీ నాయన పాతూరి దిబ్బ మింద కూసోనుండాడే. ఇంగొక ముసిలాయప్ప కూడా ఉండాడు. మీ సుట్టమేమోలే అనుకుంటి."

మా ఊరు ఒకప్పుడు ఆ దిబ్బ మీదే ఉండేదట. నాయన పుట్టకముందే జనం దాన్ని వదిలేసి ఇటు వచ్చేశారు. ఇప్పుడక్కడ కూలిన గోడల రాళ్లు, కంపచెట్లు తప్ప ఏమీ లేవు. మా ఇళ్లలో ఎవరూ అటు పోరు.

పరుగెత్తాం. నాయన ఒక బండ మీద నిమ్మళంగా కూర్చునున్నాడు. ఒక్కడే. పక్కనున్న రాయి మీద తన తుండుగుడ్డ పరిచుంది, ఎవరో కూర్చోడానికి వేసినట్టు. వెంట వచ్చిన మునెమ్మ చుట్టూ చూసి "ఇబ్బుడే గదమ్మా ఉండె" అంది. దిబ్బ చుట్టూ అంతా బయలే. ఎవరు దిగిపోయినా మాకు కనబడాలి. ఎవరూ కనబడలేదు.

ఆ క్షణంలో నాకదేమీ పట్టలేదు. నాయన్ని పట్టుకుని ఏడ్చాను, తిట్టాను, మళ్లీ ఏడ్చాను. యాడికి పోయినావంటే, తాతను పిలుచుకొచ్చేదానికి పోయానన్నాడు.

"ఆయప్పకీ దావ తెలీదు, నాకూ మతికి రాలే. ఇద్దురం ఎతుక్కుంటా ఎతుక్కుంటా ఈడికొస్తిమి. ఇదేనంట ఇల్లు."

మనిషి ఎట్లా ఉన్నాడని రెడ్డెప్ప అడిగాడు. బక్కగా ఉన్నాడని, మెడలో ఒక చెక్క బిళ్ళ వేలాడుతోందని, తప్పించుకుపోయే ఆవుకు కట్టినట్టు కట్టారని చెప్పాడు. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. పశువులతో బతికిన మనిషికి అవే గుర్తుంటాయిలే అనుకున్నాను.

ఇంటికి రాగానే రెడ్డెప్ప ఎవరూ చెప్పకుండానే ఆ పంచె తీసి పక్కన పెట్టాడు. మా వరుసలో, నాయన పక్కన, ఆకు వేశాడు. నాయన "తిను తాతా" అన్నాడు. వడలు చల్లారి తోలులాగా సాగుతున్నాయి. వాటంత రుచైనది నేనెప్పుడూ తినలేదు.

పోయినేడు మా టీచర్లతో కలిసి అండమాన్ టూరుకు వెళ్లాను. అక్కడొక మ్యూజియంలో, మొదట్లో వచ్చిన ఖైదీల మెడలో చెక్క బిళ్ళలు కట్టేవాళ్లని రాసుంది. ఖైదీ నంబరు, శిక్ష వివరం దాని మీదే చెక్కేవాళ్లట. పక్కనే బొమ్మ కూడా ఉంది. నేను కదలకుండా నిలబడిపోతే, ఎండదెబ్బ తగిలిందేమోనని మా హిందీ టీచరమ్మ నీళ్లిచ్చింది.

ఆ సంగతి అంతవరకూ నాకే తెలియదు. నాయనకు చదువు రాదు. టీవీలో చూశాడేమో అనుకుందామంటే, టీవీ పెట్టగానే నిద్రపోతాడు. మునెమ్మ ఎండలో ఏ మొద్దునో చూసి మనిషనుకుందా అంటే, దూరాన కొండ మీదున్న మేక ఎవరిదో చెప్పే కళ్లు ఆమెవి. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకిప్పటికీ తేలలేదు.

ఊరికి తిరిగొచ్చి నాయన దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు ఆయనకు నేను కూడా గుర్తులేను. "ఎవురి బిడ్డవమ్మా?" అని అడిగాడు. నీ బిడ్డనే నాయనా అని చెప్పి, ఆ చెక్క బిళ్ళ నిజమేనని, నేను బొమ్మలో చూశానని చెప్పాను. నాయన నన్ను జాలిగా చూశాడు.

"ఇబ్బుడది లేదులేమ్మా. ఆ పొద్దు దిబ్బ మింద నేనే తీసేస్తి."