ఖఫ్జీ దారిలో ఆగిన గొంతు

నాకు మొదటి నుంచీ అనుమానం ఎక్కువ. కిరాణా కొట్టుకు పోతే సరుకు వైపు కాదు, త్రాసు ముల్లు వైపు చూసే రకం నేను. బస్సులో పక్కవాడు టైమెంతని అడిగితే ముందు నా జేబు తడుముకుని తర్వాత టైం చెబుతాను. ఇదొక గుణమనే చాలా ఏళ్లు గర్వపడ్డాను. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదని హాయిల్‌లో తెలిసింది.

సౌదీలో హాయిల్ ఊరి దగ్గర ఒక గోధుమ ఫారంలో నేను పంపు మెకానిక్‌ని. మాది జగిత్యాల వైపు. చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పొడుగాటి ఇనుప గొట్టాలు, భూమి లోపలి నుంచి వాటికి నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు, ఇదే నా లోకం. గదిలో నలుగురం. నిజామాబాద్ నుంచి వచ్చిన వెల్డర్లు ఇద్దరు, నేను, కడప జిల్లా నుంచి వచ్చిన ఒక ముస్లిం డ్రైవరు. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్ద. ఫారంలో పండిన టమాటాలు, వంకాయలు లారీకి ఎత్తి ఉనైజా మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. ఒక్కోసారి కువైట్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీ దాకా కూడా పోయి అక్కడి ఆయిల్ క్యాంపుల్లో దించి వచ్చేవాడు.

భాయ్‌కి రాయడం, చదవడం రాదు. ఇంటికి టేపులు పంపేవాడు. అప్పట్లో గల్ఫ్ గదులన్నింట్లో అదే రివాజు. క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద పోయేవాడి చేతికిస్తే, వాడు దేశం చేరాక పోస్టులో వేసేవాడు. మా టేపులన్నీ ఒకే తీరు. అందరూ మంచిగున్నరా, నేను మంచిగున్న, బర్రె ఈనిందా, ఇంతే. భాయ్‌ది వేరే పిచ్చి. రెండు స్పీకర్ల జపాన్ టేపు రికార్డరు లారీలో పక్క సీటు మీద పెట్టుకుని, కనిపించినవన్నీ కాదు, వినిపించినవన్నీ పట్టేవాడు. ఒంటెల మెడ గంటలు, ఉనైజాలో ఖర్జూరం వేలంపాట, టైరు మార్చేటప్పుడు బోల్టు కిర్రుమనడం, మా వంటవాడు గిన్నెలు విసరడం, అన్నీ.

"ఎందుకు భాయ్ గీ లొల్లంతా?" అని ఒకసారి అడిగాను.

"ఆయమ్మ ఈడికి రాలేదు కదప్పా. చెవులతో అన్నా చూడనీ" అన్నాడు భార్యను తలచుకుని.

ఆ మాట అప్పుడు నాకు బాగానే ఉంది. సద్దాం కువైట్‌లో దిగాక అదే మాట నాకు వేరుగా వినపడింది.

ఆగస్టు తర్వాత మా ఫారంలో గాలి మారింది. రోడ్ల మీద మిలిటరీ బండ్లు, ప్రతి మలుపులో ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, చూపించమనే పోలీసులు. అనుమతి లేకుండా ఎవరూ గేటు దాటకూడదని ముదీర్ కాగితం అంటించాడు. ముదీర్ అంటే మా మేనేజరు, సూడాన్ మనిషి, చాలా తక్కువ మాట్లాడేవాడు. తక్కువ మాట్లాడేవాడంటే నాకు ఇంకా అనుమానం.

సరిగ్గా అప్పుడే నేనొక పన్నాగంలో ఉన్నాను. ఉనైజాలో ఒక ఖర్జూరం తోటలో మా ఊరివాళ్లు ముగ్గురున్నారు. అక్కడి పంపు మెకానిక్ యుద్ధానికి భయపడి ఇంటికి పోయాడు. చెట్ల నీడన పని, శుక్రవారం పూర్తి సెలవు, రమ్మన్నారు. కానీ కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, విడుదల కాగితం ఇవ్వకుండా ఇంకో చోట పనికి కుదిరితే నేరం. దొరికితే జైలు, తర్వాత ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు, మళ్లీ సౌదీ మొహం చూడలేం. ఇంటి దగ్గర బోరు ఎండిపోయి ఉంది. ఇక్కడి పని పోతే నాకు వేరే గతి లేదు. ఇంత తెలిసీ ఒక సాయంత్రం గదిలో నోరు జారాను. ఈ గడబిడలో ఉనైజా పారిపోతే ఎవడు పట్టుకుంటాడని వెల్డర్లతో అన్నాను. అన్నాక చూస్తే భాయ్ మంచం మీద రికార్డరులో ఎర్ర దీపం వెలుగుతోంది.

ఆ తర్వాత రెండు రోజులకు భాయ్ ఆ రికార్డరు చంకలో పెట్టుకుని ముదీర్ ఆఫీసులోకి పోవడం నా కళ్లతో చూశాను. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ. మర్నాడు మళ్లీ పోయి తెచ్చుకున్నాడు. ఆ వారమే అతని లారీకి కొత్త టైర్లు వచ్చాయి. ఏడాదిగా అడుగుతున్నా రాని టైర్లు! నాకింకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను. భాయ్ నవ్వుతూ పలకరిస్తే ఆ నవ్వులో నా ఎగ్జిట్ కనపడేది. టీ ఇస్తే తాగేవాణ్ని కాదు.

యుద్ధం మొదలవడానికి కొన్ని రోజుల ముందు వెల్డర్లలో ఒకడికి సెలవు దొరికింది. భాయ్ ఒక టేపు సిద్ధం చేసి పెట్టెలో పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు టౌనుకు పోయాడు. వెల్డర్లు సరుకులు కొనడానికి అతనితోనే పోయారు. గదిలో నేనొక్కణ్నే. భాయ్ పెట్టెకు తాళం వేసే అలవాటు లేదు. ఆ సంగతి కూడా అప్పుడు నాకు ఏదో ఎత్తుగానే తోచింది.

టేపు పెట్టి విన్నాను. మొదట సలాం చెప్పాడు, పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగాడు. తర్వాత లారీ చప్పుడు, ఆ చప్పుడు మీద అతని గొంతు: "ఖఫ్జీ ఇంక కొంచెం దూరమే ఉండాది. రోడ్డంతా మిలిట్రీ బండ్లే. భయం లేదులే. ఆడ సరుకు దించినాంక మళ్లా మాట్లాడతా." ముందుకు తిప్పాను. ఖఫ్జీలో ఎవరో ఫిలిప్పీన్ వాళ్లు నవ్వుతున్నారు. ఇంకా తిప్పాను. మా గది. వెల్డరు దగ్గు. తర్వాత నేను. "ఉనైజా పారిపోతే ఎవడు పట్టుకుంటడు?"

సొంత గొంతు అలా పరాయివాడిలా వినపడితే ఎంత భయం వేస్తుందో ఆరోజు తెలిసింది. ఇది ఇంటికే పోతుందన్న నమ్మకమేంటి, ముదీర్ చేతిలో పడితే ఇదే సాక్ష్యం అనుకున్నాను. ఆ ఒక్క ముక్క చెరిపితే సరిపోయేది. కానీ ఇంకెక్కడ ఏమన్నానో! మొత్తం విని, ఏరి ఏరి చెరిపే సమయం లేదు. బయటి మైకు పెట్టే రంధ్రంలో ఒక పాత వైరు పిన్ను గుచ్చితే లోపలి మైకు ఆగిపోయి చప్పుడేదీ పడదని పనిమంతుణ్ని కాబట్టి నాకు తెలుసు. మళ్లీ వెనక్కి తిప్పి, రికార్డు నొక్కి కూర్చున్నాను. ఒక వైపు, తర్వాత రెండో వైపు. గంటసేపు ఆ చక్రాలు తిరుగుతుంటే చూస్తూ ఉన్నాను.

ఇక్కడే నా తెలివి చూపించాను. సెలవు మీద పోయేవాడు ముందురోజు అందరి మూటలూ మంచం మీద విప్పి చూసుకుంటాడు. టేపులైతే కొంచెం విని గాని తీసుకోడు. ఎవడేం పెట్టి ఇరికిస్తాడోనన్న భయం అందరికీ ఉండేది. అందుకని మొదటి నాలుగు నిమిషాలు చెరపలేదు. ఖఫ్జీలో దించాక మళ్లీ మాట్లాడతానన్న మాట దాకా ఉంచి, ఆ తర్వాతంతా చెరిపేశాను. మర్నాడు వెల్డరు మొదటి ముక్క విని, సరేనని పెట్టెలో సర్దుకున్నాడు. నేను పక్కనే నిలబడి తాడు కట్టడానికి సాయం చేశాను.

వారం తిరక్కుండా ముదీర్ మా గది తలుపు దగ్గరకు వచ్చాడు. భాయ్‌ని రికార్డరు మళ్లీ ఒకసారి ఇవ్వమని బతిమాలుతున్నట్టు అడిగాడు. ఖార్తూంలో వాళ్లమ్మకు టేపు పంపాలట, తన రికార్డరు చెడిపోయిందట. పోయిన సారి కూడా అందుకే తీసుకున్నాడట. టైర్లంటారా, మిలిటరీ చెకింగుల్లో అరిగిన టైర్ల బండ్లు ఆపేస్తున్నారని ఫారం లారీలన్నిటికీ వేశారు. మిగతా లారీల వైపు నేను చూడనేలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది గాని, ఒక టేపే కదా, ఇంకోటి నింపుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. ఉనైజా ఆలోచన మాత్రం ఆరోజుతో మానుకున్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది. జనవరి చివర్లో ఖఫ్జీ ఊళ్లోనే పోరాటం జరిగిందని రేడియోలో చెప్పారు. భాయ్ అప్పుడు మాతోనే హాయిల్‌లో ఉన్నాడు. అయినా ఇంటివాళ్లు కంగారు పడతారని టౌనుకు పోయి క్షేమమని టెలిగ్రాం కొట్టించాడు.

యుద్ధం ఆగిన కొద్ది రోజులకు ఉత్తరం వచ్చింది. భాయ్ బావమరిది రాసింది. మా గదిలో ఉత్తరాలు చదివిపెట్టేది నేనే. ఎప్పటిలాగే భాయ్ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చదవమన్నాడు. మొదలుపెట్టాను.

టేపు చేరిందట, అదీ ఖఫ్జీ వార్త విన్న మూడో రోజున. ఇంటిల్లిపాదీ, పక్కిళ్లవాళ్లూ చుట్టూ కూర్చున్నారట. బావ గొంతు ఖఫ్జీ దగ్గరలో ఉన్నానని చెప్పి ఆగిపోయిందట. మళ్లీ వస్తుందేమోనని ఆ వైపు చివరిదాకా, రెండో వైపు చివరిదాకా ఎవరూ లేవకుండా విన్నారట. టెలిగ్రాం వచ్చినా అక్క నమ్మలేదట. టెలిగ్రాం ఎవరైనా కొట్టొచ్చు, ఉత్తరం ఆయన ఎలాగూ రాయడు, ఆయన గొంతుతో ఇంకో టేపొచ్చినా అది పాతదేమో ఎవరికి తెలుసు అంటోందట. పెద్దలు, పోయినవాళ్ల కోసం చదివే ఫాతెహా చదివిద్దామంటే వాళ్ల మీద అరిచిందట. అన్నం సరిగా తినడం లేదట.

చివర్లో ఇంకో నాలుగు వరుసలున్నాయి. అవి కూడా చదవాల్సి వచ్చింది.

"మీ గదిలో పప్పు బాగాలేదని రోజూ తిట్టే జగిత్యాల అన్న చెప్తే నమ్ముతానని అక్క అంటోంది. అన్ని టేపుల్లో ఆయన గొంతు విన్నాం, గుర్తుపడతాం. ఆయన దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు, ఆయన చెప్తే అబద్ధం ఉండదు అంటోంది. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడించి పంపండి."

భాయ్ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచాడు. కళ్లు తుడుచుకుని, "విమానంలో ఏదో మిషన్ల కింద పెడతారంట కదా, దాన్తో చెరిగిపోయినట్టుండాది" అన్నాడు. ఔనని కూడా అనలేదు నేను, కాదని కూడా అనలేదు. ఆరోజు ఆ గదిలో నాకంటే నీచుడు ఇంకెవడూ లేడు.

మర్నాడు పొద్దున్నే గోధుమ చేల పక్కన లారీ ఆపి, వెనక చెక్క దించి దాని మీద కూర్చున్నాం. వెన్నులు పచ్చగా ఉన్నాయి. ఉత్తరం వైపు నుంచి గాలి వీస్తోంది. భాయ్ కొత్త క్యాసెట్టు పెట్టి, మీట నొక్కి, నా వైపు జరిపాడు.

"చెప్పప్పా. ఈ పొద్దు ఏ వారమో కూడా చెప్పు."

"వదినా, నేను జగిత్యాలాయన్ని" అన్నాను. వారం చెప్పాను, తేదీ చెప్పాను. "భాయ్ నా పక్కనే కూసున్నడు. మంచిగున్నడు. యుద్ధమప్పుడు ఖఫ్జీల లేకుండె, మాతోనే ఉండె." అక్కడితో ఆపితే సరిపోయేది. ఆమె అడిగింది అంతే. కానీ ఆయన చెప్తే అబద్ధం ఉండదన్న మాట నన్ను వదల్లేదు. ఆ మాటను వాడుకుని, అదే నోటితో దొంగతనం దాచుకోవడం నావల్ల కాలేదు.

"వదినా, ఆ టేపు మిషన్ల కింద చెరిగిపోలేదు. నేనే చెరిపిన. భాయ్ నా మీద ముదీర్‌కు చెప్తుండని అనుమానపడ్డ. అందరూ నమ్మాలని మొదటి ముక్క ఉంచి తర్వాతదంతా చెరిపిన. భాయ్‌కి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తున్నది."

భాయ్ మీట ఆపాడు. నా వైపు చూడలేదు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. వెనక్కి తిప్పి మొదటి నుంచీ విన్నాడు. తన క్షేమం గురించి నేను చెప్పిందంతా స్పష్టంగా ఉంది. తర్వాత బరబరమని గాలి.

"గాలి కొట్టింది. ఆ చెరిపిన సంగతి సగం పడలేదు. మళ్లా చెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పాను. అతను లుంగీ అంచుతో మైకుకు అడ్డం పట్టుకున్నాడు. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాడు. ఈసారి ప్రతి మాటా పడింది. నాకూ స్పష్టంగా వినపడింది.

"సరిగ్గా పడలేదు" అన్నాడు భాయ్. "ఇంకోసారి చెప్పు. గట్టిగా."

అప్పటికి గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మూడోసారి గట్టిగా చెప్పాను.