జీతం చీటీ ఉన్నవాళ్ల పేరు

మొన్న ఆదోనిలో బస్సు దిగి మార్కెట్ యార్డు వైపు నడుస్తుంటే పత్తిగింజల నూనె వాసన గుప్పుమంది. వెంటనే రజాక్ సార్ గుర్తొచ్చారు. నేను గుమాస్తాగా పనిచేసిన పత్తిమిల్లుకు ఆయన మేనేజరు. పోయిన వేసవిలో కన్నుమూశారు.

మా వైపు ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరికి జీతం చీటీ ఉంటే, కంతుల మీద కొనేవన్నీ వాళ్ల పేరు మీదే కొంటారు. మా ఇంట్లో ఆ భాగ్యం నాది. ఆడపడుచు ఫ్రిజ్జూ, మరిది బండీ నా సంతకంతోనే వచ్చాయి. కాదంటే ఉద్యోగం చేస్తోందని పొగరంటారు. మరిది కొన్నాళ్లు కట్టి మానేశాడు. ఫోన్ నంబరు తనదే ఇచ్చాడు కాబట్టి నాకు తెలిసే దారే లేదు. ఎమ్మిగనూరులో మేం అద్దెకున్న ఇల్లు అమ్మకానికొచ్చి, లోను అడగబోతే అప్పుడు బయటపడింది. క్రెడిట్ స్కోరు అడుగంటిందని బ్యాంకువాళ్లు కాదన్నారు.

మిల్లులో కూర్చుని ఏడ్చాను. సార్ ఓదార్చలేదు.

"ఇంగా యాడన్నా అడిగినావామ్మా?"

"ఇంగో రెండు చోట్ల అడిగినా సార్."

"ఇంగ అడగొద్దు. అడిగే కొద్దీ స్కోరు దిగుతాది."

బండికి అప్పిచ్చినవాళ్లు సగం కడితే సెటిల్ చేస్తామన్నారు. మరిది సంబరపడ్డాడు. సార్ ఒప్పుకోలేదు. "సగం కట్టినారని రాస్తారు. ఆ మచ్చ ఏండ్లు పోదు. మొత్తం కట్టి, బాకీ లేదని కాగితం తీసుకో. బండి అమ్మి కట్టమని మీ మరిదికి సెప్పు."

"నాకు నోరు రాదు సార్."

"నోరు రాకుంటే ఇల్లు గూడా రాదు."

చెప్పాను. ఇంట్లో రామాయణం జరిగింది. అత్త నాతో మాట్లాడటం మానేసింది. బండి మాత్రం అమ్ముడుపోయింది, తక్కువైంది నేను వేశాను.

ఆ తర్వాత సార్ తనే ఎమ్మిగనూరు వచ్చి, ఇల్లు ఎవరికీ అమ్మకుండా ఒక ఏడాది ఆగమని ఇంటి ఓనరమ్మను అడిగారు. "నువ్వు జామీనుంటావా సాయిబూ?" అందామె. "ఎవురికీ ఉండను. నా మాట నమ్మితే ఆగు," అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకు చివుక్కుమంది. ఆమె ఏమనుకుందో గానీ ఆగింది. ఏడాది పాటు ఫ్రిజ్జు కంతు గడువుకు ముందే కట్టాను, కొత్త అప్పు జోలికి పోలేదు. స్కోరు మెల్లగా లేచింది. లోను వచ్చింది, ఇల్లు మాదైంది.

పోయిన నెల ఆ ఇంటికే సార్ కొడుకు వచ్చాడు. కారు కొని అద్దెకు తిప్పుతాడట. తనకు లోను రావడం లేదని, నా పేరు మీద తీసుకోవాలని అడిగాడు.

"మా నాయినకు నువ్వంటే శానా అభిమానం అక్కా."

టీ కప్పు అతని ముందు పెట్టాను. "టీ తాగప్పా. నీ బాకీ యాడ నిలిచిందో సెప్పు, ఇద్దరం కూసోని సూద్దాం. పేరు మాత్రం ఇయ్యను."

"మా నాయిన లేకుంటే నీకు ఈ ఇల్లు యాడిది?" అని, టీ ముట్టకుండా లేచిపోయాడు.

అతనన్నది నిజమే. కాదనడం నేర్పిందీ ఆయనే. ఆయన కొడుక్కే కాదని చెప్పాల్సి వచ్చింది. మళ్లీ వచ్చి అడిగినా అదే చెబుతాను, కానీ ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా సహించడం లేదు.