పసుపు తాగిన కారు

మావారు గుంటూరులో ఒక బ్రోకరు మాట నమ్మి కొన్న పాత కారు ఇవాళ పెదకాకాని దాటగానే పొగలు కక్కి ఆగిపోయింది. దగ్గుతున్న పసిదాన్ని కొంగులో చుట్టుకుని బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. ఇంజను పగిలిందని, మార్చడం తప్ప దారి లేదని మెకానిక్కు చెప్పాడట; బ్రోకరు గదికి తాళం వేసి ఉందట. పాప ఇప్పుడే నిద్రపోయింది. మాటిమాటికీ లేచి దాని నుదురు తాకి చూస్తూ, మధ్యమధ్య ఇది రాస్తున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది మరి.

నేను ఎస్సెస్సెల్సీ ప్యాసైన ఏడు మిరపకాయలకు మంచి ధర వచ్చింది. నాన్నకు వరసకు అన్న అయ్యే మా పెదనాన్న తన కారు నాన్నకు అంటగట్టాడు. మిగిలిన డబ్బు గుంటూరు కాలేజీలో నా చదువుకని అమ్మ పట్టుబట్టి పక్కన పెట్టించింది. నెల తిరక్కుండానే వినుకొండ దారిలో కారు మరిగి ఆగిపోయింది. మెకానిక్కు రేడియేటరు విప్పితే పసుపు ముద్దలు పడ్డాయి. ఇంజనులో పగులుందని, నీళ్ళు కారకుండా ఎవరో పసుపు కలిపి పోశారని, అది నాలుగు రోజులు ఆపుతుందే తప్ప నిలవదని చెప్పాడు. అతుకుల మీద అతుకులు వేయించేసరికి నా కాలేజీ డబ్బంతా ఆ ఇంజనే మింగింది. నా స్నేహితురాలు ట్రంకుపెట్టెతో బస్సెక్కి వెళ్ళిన రోజు నేను మిరపనారుకు నీళ్ళు చల్లుతున్నాను. మీలో చదువు ఆగినవాళ్ళుంటే, ఆ బస్సు చప్పుడు ఎలా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు.

నాన్న అడగడానికి వెళితే పెదనాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పదిమందిలో నవ్వి, "నా దగ్గరున్నన్నాళ్ళూ బంగారంలాంటి ఇంజనురా అది, నీకు నడపడం చేతకాలా" అన్నాడు. నాన్న తలవంచుకుని వచ్చేశాడు. అమ్మ మాత్రం ఆ మాటను దాచుకుంది.

మరుసటి వైశాఖంలో పెదనాన్న కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుని విడిది నుంచి పందిట్లోకి కారులోనే తేవాలని వియ్యాలవారు కోరారు, ఊళ్ళో ఉన్న కారు మాదొక్కటే; అన్ని అతుకులు వేయించాక బాగుపడే ఉంటుందనుకుని పెదనాన్న అదే అడిగాడు. అది ఇంకా మరుగుతూనే ఉందని నిజం చెప్పేద్దామన్నాడు నాన్న. అమ్మ వద్దంది, పెళ్ళినాటి పొద్దున తన చేత్తోనే పసుపు కలిపి రేడియేటరులో పోసింది. మేళం వెనక నత్తనడక నడిస్తే ఇంజనుకి గాలి తగలదని, ఇట్టే మరుగుతుందని ఏడాదిగా చూస్తున్నదే కదా. అది చాలదన్నట్టు, ఆడవాళ్ళంతా చూస్తారు, వెనకబజారు కూడా తిప్పించండి అని పెదనాన్నకు కబురు చేసింది.

వెనకబజారు మొదట్లోనే రేడియేటరు మూత ఎగిరింది. సన్నాయివాళ్ళ చొక్కాల మీద, టాపు తీసిన కారులో కూర్చున్న పెళ్ళికొడుకు పట్టుకండువా మీద పసుపు తుంపరలు చిమ్మాయి. ఏం బండిరా ఇది అని పెదనాన్న నాన్న మీద విరుచుకుపడబోతే, ఎన్నడూ మగవాళ్ళ మధ్య నోరెత్తని అమ్మ ముందుకొచ్చింది.

"మీరిచ్చిన బంగారమే బావగారూ. పగులు కనపడకుండా పసుపు పోయడం కూడా మీ దగ్గర నేర్చుకున్నదే."

మేళం ఆగిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి నెమ్మదిగా, "మాకు చెప్పినవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయి బావగారూ?" అని అడిగాడు. పెదనాన్న ముఖం నేను కళ్ళారా చూశాను. పెళ్ళి ఆగలేదు, అక్క కాపురమూ చెడలేదు. కానీ వియ్యాలవారు ఊరు దాటకముందే, వాళ్ళ ఎదుటే, పెదనాన్న మా డబ్బు నాన్నకిచ్చి కారు వెనక్కి తీసుకున్నాడు. ఆ జూన్‌లో నేను గుంటూరు బస్సెక్కాను.

ఆ రోజుల్లో మోసం చేసినవాడు మన బంతిలోనే కూర్చుని తినాలి, మన కళ్ళముందే కూతురికి పెళ్ళి చేయాలి, ఓపిక పడితే ఏదో ఒకనాడు చేతికి చిక్కేవాడు. ఇప్పుడు ఎవరో అమ్ముతారు, ఎవరో కొంటారు. అమ్మకున్న ఓపిక నాకూ ఉంది. కానీ ఆ బ్రోకరుది ఏ ఊరో, ఎవరి అన్నో, కూతురుందో లేదో కూడా నాకు తెలియదు.