వదులైన పుట

లైబ్రరీ వెనక గదిలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కట్టే ఆవిడను అందరూ అట్టలక్కయ్య అంటారు. కుట్టిన ప్రతి పుస్తకాన్నీ చదివాకే బయటికి పంపడం ఆవిడకు ఇరవై ఏళ్ల అలవాటు.

ఒక శనివారం సాయంత్రం పాఠకుల సమావేశానికి లెక్చరర్ గారొకాయన వచ్చారు. ప్రియురాలి కోసం ఏడు సముద్రాలు దాటిన నావికుడి నవల గురించి గంటసేపు మాట్లాడి, "ఈ ప్రేమకు ప్రాణం సాహసమే. తుఫానులు తీసేస్తే కథే లేదు" అని తేల్చేశారు.

కుర్చీలు సర్దుతున్న అక్కయ్య ఉండబట్టలేకపోయింది.

"అలా కాదేమోనండీ. ఆ పుస్తకం నా దగ్గరికి నాలుగుసార్లు మరమ్మతుకొచ్చింది. తుఫాను పుటలు ఇప్పటికీ నలగలేదు. ఎప్పుడూ ఊడొచ్చేది ఒక్కటే. తిరిగొచ్చిన నావికుడు గుమ్మంలో నిలబడి, 'నేను గుర్తున్నానా?' అని బెరుగ్గా అడిగే పుట. అన్ని సముద్రాలు దాటినవాడికి ఆ గడప దాటడానికి కాళ్లు వణికాయి చూడండి, నాకైతే అసలు సాహసం అదే."

లెక్చరర్ గారు పకపకా నవ్వేశారు. "ఎన్నేళ్లుగా పాఠం చెబుతున్నానో! ఈ పుట మీద ఒక్క ప్రశ్న కూడా ఇవ్వలేదమ్మా" అంటూ తన కుర్చీ ఆవిడకిచ్చి, ముందు వరసలో కూర్చున్నారు. "మిగతాది మీరే చెప్పండి."

ఆవిడ అలా చెబుతూ ఉండగానే, ఇంటికి తీసుకెళ్లడానికి భర్త వచ్చాడు.

"ఇంట్లో నాతో ఇంత మాట్లాడదేంటండీ!" అని నోరు వెళ్లబెట్టాడు.

"మీరు వింటే కదా!" అంది అక్కయ్య.

గదంతా గొల్లుమంది. ఆయన చెప్పులు విడిచి, బుద్ధిగా వెనక వరసలో కూర్చున్నాడు.