నాయిన స్పీకర్లలో చప్పుడు

మొన్న ముసురులో, చాలాకాలం మూలన పడున్న స్టెబిలైజర్ ఆన్ చేస్తే దుమ్ము కాలిన వాసన వచ్చింది. దాంతో జనగామలోని మా పెంకుటిల్లు, ముందు గదిలో తలుపులంత ఎత్తున నిలబడ్డ నాయిన స్పీకర్లు గుర్తొచ్చాయి.

హైదరాబాదులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చుకున్నాడు. వాటిలో మామూలు గుండ్రటి అట్ట ఉండదు. రెండు ఇనుప జాలీల నడుమ ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ పొర, వేల వోల్టుల కరెంటుకు అదిరి పాడేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, బతుకమ్మ పండుగ ముందు, తడిసిన తంగేడు పూలు గంపల్లో వాసన కొడుతూ, వంటింట్లో నువ్వులు వేగుతూ, రోట్లో పల్లీలు నలుగుతూ ఉన్న రోజుల్లో ముసురు పట్టింది. పాటల వెనుక సర్రుమని, మధ్యమధ్య చిటుక్కుమని చప్పుడు మొదలైంది. నాయిన ఫ్యాను ఆపించాడు, ట్యూబులైటు ఆర్పించాడు, రోకలి ఆపించాడు, అమ్మ చేతి గాజులు తీయించాడు. చప్పుడు పోలేదు. అప్పుడు మూలన మంచం మీద ఆయాసపడుతున్న బాపమ్మ వైపు, తన కన్నతల్లి వైపు తిరిగాడు.

"అవ్వా, జర ఊపిరి ఆపరాదు?"

ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఆపబోయింది. దగ్గు తన్నుకొచ్చింది.

"గిదే మోత! ఇల్లా ఇది, దవాఖానానా? మంచం అరుగు మీదెయ్యుండ్రి."

"వాన పడ్తున్నది గదా" అనబోయిన అమ్మ, ఆయన చూపుకు ఆగిపోయింది. జల్లు కొట్టే అరుగు మీదికి బాపమ్మ మంచం పోయింది. చప్పుడు మాత్రం లోపలే ఉంది.

మరునాడు నాయిన కుడి ఎడమ స్పీకర్ల తీగలు మార్చి చూశాడు. అయినా చప్పుడు ఎడమవైపే ఉంది, పాట ఆపినా ఉంది. అంటే లోపం ఆ స్పీకరులోనే. కిటికీలు మూసి చీకటి చేసి, జాలీ లోపల చిన్న నీలి మెరుపు చూసి సంబరపడ్డాడు: చెమ్మ పట్టిన దుమ్ము పేరుకున్నచోట కరెంటు చిటపటమంటోంది. కరెంటు తీసేసి, చాలాసేపు ఆగి, మెత్తటి కుంచెతో దులిపి ఆరబెట్టాడు. చప్పుడు పోయింది.

"సూసిండ్రా, ఎంత సాఫుగున్నదో!" అని వాడకట్టునంతా పిలిచి వినిపించాడు. వచ్చినవాళ్లంతా బాపమ్మ మంచాన్ని తప్పుకుంటూ లోపలికి నడిచారు.

"బాపమ్మను లోపటికి తెద్దామా నాయినా?" అన్నాను.

"ఉండనియ్యి. అలవాటైంది గదా."

చలి ముదరకముందే ఆమె ఆ అరుగు మీదే పోయింది. పెద్దకర్మకు వచ్చిన చుట్టాలను కూర్చోబెట్టి నాయిన పాటలు వినిపించాడు.

ఇప్పుడా ఇంటి చోట దుకాణాల మడిగెలు లేచాయి. అరుగులు లేవు, తంగేడు కోసం పోయే చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. మొన్న పండుగకు వచ్చిన నాయినను, "బాపమ్మ గొంతు ఎట్లుండేది?" అని అడిగాను.

ఫోనులోంచి తల ఎత్తలేదు. "గొంతేడిది? ఆయాసమే యాదికున్నది."

నాకూ అంతే గుర్తుంది.